ఒహాయో స్టేట్‌పై గెలుపు: మిషిగన్ నిజంగా మెరుగుపడిందా?

ప్రశ్న: 2020లో ఆరు ఆటల్లో రెండే గెలిచిన మిషిగన్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, 2021 నవంబరు 27న యాన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్‌ను 42-27తో ఓడించి, 2011 తర్వాత ఆ జట్టుపై తొలి విజయం సాధించింది. దీనిని పురోగతి అనవచ్చా, లేక ఒక్కరోజు అదృష్టమా?

జవాబు: అదృష్టం కాదండీ. మన హసన్ హాస్కిన్స్ బంతితో పరుగెత్తి ఐదు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించే స్కోర్లు) చేయడం వెనుక, ఎదుటివారిని నెట్టి అతనికి దారి చేసిన ముందువరుస ఆటగాళ్ల శ్రమ ఉంది. మన రక్షణ ఆటగాడు ఏడన్ హచిన్సన్ మూడు శాక్‌ల (బంతి విసరబోయే ప్రత్యర్థిని విసిరేలోపే పడగొట్టడం) సంగతి సరేసరి!

మరొకరి జవాబు: ఏకీభవిస్తాను. అయితే అక్టోబరులో మిషిగన్ స్టేట్ చేతిలో 37-33తో ఓడినప్పుడు వాళ్ల కెన్నెత్ వాకర్ మనపైనే ఐదు టచ్‌డౌన్లు చేశాడు కనుక, పరుగును అడ్డుకోవడంలో మన రక్షణ ఎంత బాగుపడిందో నాకింకా సందేహమే.

ప్రశ్నించినవారు: ఆ ఓటమి నాకూ ఇంకా మింగుడుపడలేదు. మన రక్షణ సంగతి డిసెంబరు 4, శనివారం అయోవాతో జరిగే బిగ్ టెన్ (మన జట్టు ఆడే విశ్వవిద్యాలయాల లీగ్) ఫైనల్‌లో చూద్దాం.