నాన్నకి ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్: అమెరికాలో వచ్చిన కొత్త మాత్రతో మచ్చలు పోతాయా?

తెనాలి_లక్ష్మి:
నాన్నకి 67 ఏళ్లు. స్కాన్ చూసి ఐపీఎఫ్ అన్నారు, అంటే కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బట. దానికి పిర్ఫెనిడోన్ అనే మాత్ర మూడు పూటలా వేసుకుంటున్నారు. అన్నం సహించట్లేదు, మెడా చేతులూ ఎర్రగా కమిలాయి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు నెరాండోమిలాస్ట్ అనే కొత్త మందు పంపిస్తానంటున్నాడు. దాంతో ఊపిరితిత్తుల్లో మచ్చలు పోతాయా?

రిటైర్డ్_లెక్చరర్:
పోవమ్మా. నేనూ ఇదే జబ్బు మనిషిని, డాక్టర్ని కాను. అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 2025 అక్టోబరులో అనుమతించింది. ఏడాది సాగిన ట్రయల్లో చాలామంది పాత మందు కొనసాగిస్తూనే దీన్నీ వాడారు. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకి ఎఫ్‌వీసీ, అంటే ఊదుడు పరీక్షలో నిండా పీల్చి ఊదితే బయటికొచ్చే గాలి, సుమారు 183 మిల్లీలీటర్లు పడిపోయింది. 18 మిల్లీగ్రాముల డోసు వాళ్లకి 115 పడిపోయింది. మన జబ్బులో అదీ లాభమే, కాకపోతే మీ తమ్ముడు అనుకుంటున్న లాభం కాదు.

ఇంకో మెలిక ఉంది. పిర్ఫెనిడోన్ ఈ కొత్త మందుని రక్తంలో తగ్గించేస్తుంది. 9 మిల్లీగ్రాముల డోసు దాంతో కలిపి వాడినవాళ్లకి ఫలితమే కనబడలేదు. సూట్‌కేసులో వచ్చిన డబ్బా చూసి ఇంట్లో తేల్చుకునే డోసు కాదిది.

ఆ కమిలిన చర్మం డాక్టర్‌కి చూపించండి. పిర్ఫెనిడోన్‌కి ఎండ పడదు. పొడుగు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ తప్పవు (మగవాళ్లు రాసుకోమంటే మొహం చిట్లిస్తారు, నేనూ అంతే). మాత్ర పరగడుపున వద్దు, భోజనంతో వేస్తే వికారం కొంత తగ్గుతుంది. అస్సలు పడకపోతే నింటెడానిబ్ ఉంది, నేను వాడేది అదే. దాని గొడవ విరేచనాలు. బస్సెక్కే ముందు ఆలోచించుకోవాలి! రెండింటికీ లివర్ టెస్టులు మానొద్దు.

ఛాతీ_డాక్టర్:
లెక్చరర్ గారు బాగా చెప్పారు. నాదొక ప్రశ్న. ఇంటి దగ్గర పావురాలు ఉన్నాయా? వాటి రెట్టలు, ఈకల దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినా కొందరి ఊపిరితిత్తులు ఇలాగే గట్టిపడతాయి. స్కాన్‌లో ఒక్కోసారి ఐపీఎఫ్‌లాగే కనిపిస్తుంది. అదే అయితే ముందు పావురాలకి దూరం కావాలి, మందుల సంగతి ఆ తర్వాత. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించారా? నడిచినప్పుడు ఆక్సిజన్ ఎంతకి దిగుతోందో కూడా చూపించండి.

తెనాలి_లక్ష్మి:
పక్కింటాయన మేడ మీద రోజూ పావురాలకి గింజలు చల్లుతాడండీ! నాన్న పొద్దున వాకింగ్ మా మేడ మీదే, మధ్యలో పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఈ మాట ఏ డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. సోమవారం చూపించడానికి వెళ్తున్నాం, చెప్తాను. తమ్ముడిని మందు కొనొద్దన్నాను. అలిగాడు.