ఒంగోలులో చెక్కపని: ఆచారికి రోజు కూలి ఇవ్వాలా, అడుగు లెక్కన ఇవ్వాలా?

లాయర్‌పేట_కొత్తిల్లు
ఇంటికి లప్పం అయిపోయింది, ఇక చెక్కపనే మిగిలింది. రెండు పడగ్గదుల్లో ఒక్కో వార్డ్‌రోబ్ (7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు, తెరిచే తలుపులు మూడు), వాటి పైన 2 అడుగుల అటక తలుపులు, వంటగదిలో చీమకుర్తి రాయి గట్టు కింద షట్టర్లు, పూజగదికి టేకు తలుపు. ఇద్దరు ఆచారులు వచ్చి చూసిపోయారు. ఒకాయన రోజు కూలికి చేస్తా, సరుకు మీరే తెచ్చుకోండి అంటున్నాడు. రెండో ఆయన సరుకుతో కలిపి అడుగుకింత అని గుత్తకు అడుగుతున్నాడు. ఏది మేలో తెలిసినోళ్ళు చెప్పండి.

పెన్నగట్టు
రెండూ వద్దు. సరుకు మీరు కొనండి, పనికి మాత్రం అడుగు లెక్కన మాట్లాడుకోండి. అయితే అడుగు అంటే ఏ అడుగో ముందు కాగితం మీద రాయించుకోండి. మీ వార్డ్‌రోబ్‌ను ఎదురుగా నిలబడి కొలిస్తే 7×6, అంటే 42 చదరపు అడుగులు. వాడిన ప్లైని కొలిస్తే 8×4 షీట్లు ఆరు పడతాయి, అంటే 192 అడుగులు. వెనక కొట్టే 6 మి.మీ. ప్లై ఇందులో లేదు. 192ని 42తో భాగిస్తే నాలుగున్నర రెట్లు పైనే. ఒకరు అడుగుకు తక్కువ చెప్పారని సంబరపడి చివర్లో తల పట్టుకునేది ఇక్కడే. అటక విడిగా కొలుస్తారా, సొరుగులకు వేరే డబ్బులా, లోపలి మైకా రేటులో కలిసిందా, ఈ మూడూ కూడా రాయాలి.

గిత్త_రంకె
అడుగు లెక్క మాట్లాడుకున్న రోజే పని పాడైనట్టు లెక్క. ఆ లెక్కలో తొందరే లాభం మరి. మైకా అంటించినాక రాత్రంతా బరువు కింద ఉండాల్సిన పలకను రెండు గంటలకే తీసి తలుపు బిగిస్తారు. ఎండాకాలం వచ్చేసరికి అంచుల దగ్గర మైకా లేస్తుంది. స్క్రూ పడాల్సిన చోట మేకు కొడతారు. బయట 1 మి.మీ. మైకా వేసి లోపల రంగు పూసి వదిలేస్తారు. పలకకు ఒక పక్కే మైకా ఉంటే తేమ రెండు పక్కలా ఒకేలా పీల్చదు, 7 అడుగుల తలుపు విల్లులా వంగుతుంది. లోపల 0.8 అయినా వేయాల్సిందే. రోజు కూలి మనిషికి ఇవన్నీ ఎగ్గొడితే వచ్చేదేం లేదు కాబట్టి ఎగ్గొట్టడు.

కావలి_కాలవ
రోజు కూలి మనిషికి ఇంకో పది రోజులు లాగితే వచ్చేది ఉంది కదన్నా 😀

పెన్నగట్టు
తలుపు వంగింది కూలి పద్ధతి వల్ల కాదు గిత్త గారూ. ఏడడుగుల తలుపుకు నాసిరకం ప్లై తెస్తే రోజు కూలికి చేసినా వంగుతుంది. పొడుగు తలుపులకు బ్లాక్‌బోర్డు (మధ్యలో చెక్క పట్టీలు పేర్చి అంటించిన పలక) మేలు. కుళ్ళినా ఊడినా అడుగు లెక్క వల్లే అనడం సరికాదు.

షీట్లు ఎట్టా కోయాలో చెప్తా, అప్పుడు తెలుస్తుంది అడుగు లెక్క వాడికి ఒళ్ళు దగ్గర ఎందుకుంటుందో. లోతు 24 అంగుళాలు పెట్టుకుంటే ఒక్కో షీటును నిలువునా రెండు పట్టీలు చేయొచ్చు. రంపం తినే 3 మి.మీ. పోను ఒక్కోటి 24కి వెంట్రుకవాసి తక్కువొస్తుంది. రెండు పక్కలు, మధ్యలో రెండు నిలువు చెక్కలు, మొత్తం నాలుగు పట్టీలకు రెండు షీట్లు. పైదీ కిందదీ కలిపి ఒక షీటు, దాంట్లో మిగిలిన 2×2 ముక్కలు రెండూ రెండు అరలకు సరి. తలుపులు మూడుకు షీటున్నర. లోపల మూడు గళ్ళు, గడికి నాలుగు చొప్పున పన్నెండు అరలు, వెడల్పు 23 అంగుళాలు. మిగిలిన పట్టీలో నాలుగు తెగుతాయి, ఇంకో ఆరు ఆరో షీటులో వస్తాయి. ఏడడుగుల చెక్కలు కోసిన చోట 2×1 ముక్కలు ఏడు మిగులుతాయి. వాటిలో నాలుగింటిని ఆరంగుళాల పట్టీలు చేస్తే రెండు సొరుగుల చట్రాలు అయిపోతాయి. సొరుగుకూ పక్క చెక్కకూ మధ్య చానల్ (సొరుగు జరిగే పట్టా) కోసం రెండు వైపులా అరంగుళం వదలాలి, అంటే 23 అంగుళాల గడిలో సొరుగు 22. రోజు కూలి మనిషి ఈ లెక్క వేసుకోకుండా రంపం పెడితే ఏడో షీటు మీరే తెస్తారు.

గిత్త_రంకె
లెక్క బాగుంది కానీ 24 లోతు చాలదు. వెనక ప్లై 6 మి.మీ., తలుపు 18 మి.మీ. పోతే లోపల మిగిలేది 23 అంగుళాలు. చొక్కా హ్యాంగరే 17, 18 అంగుళాలుంటుంది. దానిమీద కోటో పట్టుచీరో వేస్తే తలుపుకు రాసుకుంటుంది. 26 పెట్టుకోండి.

పెన్నగట్టు
తెరిచే తలుపులకు 24 ధారాళంగా చాలు. జరిపే తలుపులైతే రెండు పట్టాలు కావాలి కాబట్టి 26 అడుగుతారు. ఆయన అడిగింది తెరిచే తలుపులు. 26 చేస్తే షీటుకు ఒక్క పట్టీయే వస్తుంది, 22 అంగుళాల ముక్క మిగులుతుంది. ఆరు షీట్ల పని ఎనిమిదవుతుంది. రెండు వార్డ్‌రోబ్‌లకు నాలుగు షీట్లు ఎక్కువ.

గిత్త_రంకె
ఆ 22 అంగుళాల ముక్కలతో అరలు చేసుకోవచ్చు. అరలు రెండంగుళాలు లోపలికి ఉన్నా నష్టమేం లేదు.

పెన్నగట్టు
అవి కలుపుకునే ఎనిమిది చెప్పాను. పక్కలకు, నిలువులకు నాలుగు, పైకీ కిందికీ రెండు, తలుపులకు రెండు. అరలన్నీ మీరన్న ముక్కల్లోనే లాగించాను. ఇంకోసారి కూడుకోండి.

గిత్త_రంకె
షీట్లు ఎన్ని పడితేనేం, బట్టలు పట్టాలిగా.

మూలాపేట_మాస్టారు
పొద్దుటి నుంచీ ఈ రెండంగుళాల దగ్గరే ఉన్నారు మీరిద్దరూ. ఆయన వంటగది గురించి కూడా అడిగారు, గుర్తుందా?

చీమకుర్తి_గ్రానైట్
వంటగది నేను చెప్తా. రాయి పరిచినాక షట్టర్లకు కొలత తీసుకోవాలి, ముందు తీయకూడదు. రాయి పరిచినప్పుడు గట్టు ఎత్తు ఎంతోకొంత అటూ ఇటూ అవుతుంది. రాయి అంచు షట్టర్ కన్నా అంగుళం ముందుకుండాలి, లేకపోతే గట్టు తుడిచిన నీళ్ళన్నీ షట్టర్ పైఅంచు మీదే పడతాయి. సింకు కింద గడికి 710 నంబరు ప్లై వాడండి. అది 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షించే రకం. పడగ్గదికి 303 నంబరులో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళను కొంతవరకు తట్టుకునే రకం) చాలు, దాని పరీక్ష 8 గంటలు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర పక్కన ఈ నంబరు ఉంటుంది. ముద్ర చూసి ఊరుకోకుండా మందం కూడా కొలవండి. 18 మి.మీ. అని అమ్మేది కొలిస్తే 16 తేలడం మామూలే.

కావలి_కాలవ
కొత్తపట్నం గాలి తగిలే ఇళ్ళకు ఇనుప మేకులు, మామూలు హింజులు వాడొద్దు. ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పు కారి మైకా మీద చారలు పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి.

పెన్నగట్టు
హింజుల సంగతి వచ్చింది కాబట్టి: ఏడడుగుల తలుపుకు నాలుగుకు తగ్గకూడదు. మీ వార్డ్‌రోబ్‌కు పన్నెండు. బయటి రెండు తలుపులకు జీరో క్రాంకువి (చేయి వంపు లేనివి, తలుపు పక్క చెక్కను మొత్తం కప్పుతుంది) ఎనిమిది. మధ్య తలుపు నిలువు చెక్కను పక్క తలుపుతో పంచుకుంటుంది కాబట్టి దానికి ఎయిట్ క్రాంకువి (చేయి కొంచెం వంగినవి, తలుపు సగం చెక్కనే కప్పుతుంది) నాలుగు. అన్నీ ఒకే రకం తెచ్చి ఆచారి చేతిలో పెట్టి తలుపు మూసుకోవడం లేదని అరిచేవాళ్ళు చాలామంది.

వేదాయపాళెం_రావు
అన్నీ చెప్తున్నారు. ప్లై షాపువాడు ఆచారికిచ్చే కమీషన్ మాట మాత్రం ఒక్కరూ ఎత్తరేంది?

గిత్త_రంకె
అట్టా అడగండి! పెన్నగట్టు గారు సరుకు మీరే కొనండి అంటూనే ఏ షాపులో కొనాలో మాత్రం ఆచారిని అడగమంటారు చూడండి. వాడు చూపించిన షాపులో బిల్లు మన పేరున, పర్సు వాడి జేబున. నా ఇంట్లో పని చేసినాయన చేసిందీ అదే. ఇంకా మిగిలిన ముక్కలు కూడా సంచిలో వేసుకుపోయాడు.

పెన్నగట్టు
షాపు ఆచారిని అడగమని నేను ఎక్కడన్నాను? పైకెళ్ళి చదవండి. ముక్కలన్నారు కాబట్టి చెప్తున్నా, ఆ 2×1 ముక్కలు సొరుగులకు పోగా మిగిలేవి మూడు. ఆ మూడు ముక్కల కోసం ఒక మనిషిని దొంగ అంటున్నారు మీరు.

గిత్త_రంకె
దొంగ అనలేదు. కమీషన్ తీసుకుంటారా లేదా, అవునో కాదో ఒక్క మాటలో చెప్పండి.

పెన్నగట్టు
అవును. చాలామంది తీసుకుంటారు. మా కుటుంబంలోనూ తీసుకున్నారు. ఇప్పుడు మీరు చెప్పండి. ఆచారి మీ ఇంటికి రెండుసార్లు వచ్చి కొలత తీస్తాడు. పైన నేను రాసినట్టు షీటు షీటుకూ బొమ్మ గీస్తాడు. మీతో షాపుకొచ్చి మైకా పుస్తకాలు తిరగేస్తుంటే నిలబడతాడు. రంగు నచ్చలేదని మీరు మర్నాడు మళ్ళీ రమ్మంటారు. ఆ రోజులకు కూలి ఎవరిస్తారు? నలుగురిని పిలిచి అంచనా అడుగుతారు, ఒకరికి పనిస్తారు, మిగతా ముగ్గురికి ఇంట్లో కాఫీ కూడా ఉండదు. అడుగు రేటు బేరమాడి బేరమాడి కిందికి దించినప్పుడు ఆ తేడా యాడ నుంచి పూడుతుందని అనుకుంటారు మీరు? షాపు దగ్గరే పూడుతుంది. ఇస్తున్నది మీరే, తెలియక ఇస్తున్నారు.

మూలాపేట_మాస్టారు
ఇదీ అసలు తగాదా. ఇందాకటి నుంచీ హ్యాంగర్ల మీద పెట్టి చెప్పుకుంటున్నారు.

గిత్త_రంకె
డబ్బు తీసుకోవడం మీద నాకు పేచీ లేదు పెన్నగట్టు గారూ. కొలతకూ బొమ్మకూ ఇంత అని అడిగితే ఇస్తాను. కమీషన్ ఎక్కువిచ్చే పేరులేని ప్లైని 'ఇదే గట్టిది సార్' అని అంటగడతారు చూడండి, దాంతో నా ఒళ్ళు మండుతుంది. లోపల గ్యాపులుంటాయి, హింజు కప్పు కోసం 35 మి.మీ. గుంట తవ్వితే పొరలు లేస్తాయి, స్క్రూ నిలవదు. అప్పుడు తలుపు జారితే తప్పు ప్లైదా, ఆచారిదా అని ఎవర్ని అడగాలి?

పెన్నగట్టు
ఆ మాట ఒప్పుకుంటా. అట్టాంటోళ్ళు ఉన్నారు. దానికి మార్గం ఏందంటే, మొదట్లోనే 'కమీషన్ లేని ధర వేయించండి, కొలతకూ తిరుగుడుకూ ఇంత విడిగా ఇస్తాను' అని షాపులోనే ఆచారి ముందు చెప్పేయాలి. బ్రాండు, నంబరు, మందం బిల్లు మీద రాయించాలి. షాపు నుంచి వచ్చిన షీట్లను ఎక్కడన్నా సుత్తితో కొట్టి వినండి, గ్యాపు ఉన్నచోట డొల్ల చప్పుడొస్తుంది. కోయకముందే వెనక్కి పంపాలి, కోశాక ఏ షాపువాడూ తీసుకోడు.

లాయర్‌పేట_కొత్తిల్లు
అందరికీ దండాలు. నాకు ఇప్పటికి అర్థమైంది ఇది: సరుకు నాది, పని అడుగు లెక్క, ఎదురుగా కొలిచిన 42 అడుగులకే లెక్క, అటక 12 అడుగులు విడిగా, కొలతకూ బొమ్మకూ వేరే డబ్బులు. డబ్బులు ఏ విడతల్లో ఇవ్వాలి?

పెన్నగట్టు
సరుకు దిగి రంపం పెట్టిన రోజున పావు వంతు. పెట్టెలు గోడకు నిలబెట్టి మూలమట్టం చూశాక ఇంకో పావు. తలుపులు, సొరుగులు బిగించాక మిగతాదంతా. చివర పది శాతం పట్టుకుంటామంటే ఒప్పుకునే ఆచారిని నేను చూడలేదు. ఆ పది శాతం ఇంతవరకు ఎవరికీ తిరిగి రాలేదు కూడా.

గిత్త_రంకె
పట్టుకోకపోతే తలుపులు సర్దడానికి వాడు మళ్ళీ రాడు. తలుపులు నెల రోజుల్లో కొంచెం కిందికి దిగుతాయి, హింజు స్క్రూలు తిప్పి సర్దాల్సిందే. ఆ నెలా పది శాతం ఆపండి.

పెన్నగట్టు
ఐదు శాతం, నెల తేదీతో సహా రాసి ఇచ్చేట్టయితే సరే.

గిత్త_రంకె
ఏడున్నర.

కావలి_కాలవ
ఇక్కడ కూడా బేరమేనా అన్నా 😂

వేదాయపాళెం_రావు
పూజగది టేకు తలుపు సంగతి మరిచిపోయారు. దుకాణంలో ఘనపు అడుగుల్లో లెక్క వేస్తారు. అంగుళాల్లో వెడల్పు, మందం, అడుగుల్లో పొడవు గుణించి 144తో భాగించాలి. 5×3 అంగుళాల ద్వారబంధానికి నిలువులు ఏడేసి అడుగులు, అడ్డాలు నాలుగేసి అడుగులు, మొత్తం 22 అడుగులు. 22×15ని 144తో భాగిస్తే 2.29 ఘనపు అడుగులు. దుకాణదారు మూడుకు పెంచితే వెంటనే అడగండి.

లాయర్‌పేట_కొత్తిల్లు
రాసుకున్నా. ఆదివారం ఇద్దరాచారులనూ మళ్ళీ రమ్మన్నాను, వచ్చినందుకు ఇద్దరికీ రాకపోకల ఖర్చు ఇస్తానని కూడా చెప్పాను. లోతు 24కే ఖాయం.

గిత్త_రంకె
ఖాయం చేసే ముందు మీ ఇంట్లో పొడవైన హ్యాంగర్ ఒకటి తెచ్చి కొలవండి.