పేగులు బాగుపడితే ఆటిజం తగ్గుతుందా?

బొబ్బిలి నుంచి ఒక తల్లి:
మా బాబుకు ఐదేళ్లు. ఆటిజం ఉందని మూడో ఏట తేలింది. నాలుగేసి రోజులు విరేచనం కాక, అర్ధరాత్రి లేచి గోడకు తల కొట్టుకునేవాడు. మలబద్ధకానికి మందు మొదలుపెట్టాక నిద్రపోతున్నాడు, పిలిస్తే తిరిగి చూస్తున్నాడు. అందుకే ఈ సమస్యకు మూలం పేగుల్లోనే ఉందని నాకు అనిపిస్తోంది. పాలు, పెరుగు, గోధుమలు పూర్తిగా మానిపించి ఆరు నెలల పాటు పేగుల శుద్ధి చేయించాలని, డబ్బు ముందే కట్టాలని ఒకచోట చెప్పారు. కట్టమంటారా?

శ్రీకాకుళం నుంచి ఒక ప్రత్యేక విద్య ఉపాధ్యాయుడు:
అమ్మా, మీరు చూసిన మార్పు నిజమైనదే. ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం, కడుపునొప్పి మిగతా పిల్లలకన్నా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మాట రాని బిడ్డ ఆ నొప్పిని తల కొట్టుకునే చెప్పుకుంటాడు. అయితే నొప్పి తగ్గి బిడ్డ కుదుటపడడం వేరు, ఆటిజం పేగుల్లో పుట్టడం వేరు. ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను పరిశీలించి 2021లో వెలువరించిన అధ్యయనం, ఆటిజం వల్ల పిల్లలు కొద్దిరకాల తిండికే పరిమితమవుతారని, పేగుల్లోని సూక్ష్మజీవుల వైవిధ్యం తగ్గడానికి ఆ తిండే కారణం కావచ్చని సూచించింది. మా బడిలో ఒక పాప తెల్లన్నం, అప్పడం తప్ప ముట్టదు; రాగి అంబలి గిన్నె దగ్గరికి తెస్తే వాసనకే ఏడుస్తుంది. అలాంటి బిడ్డ కంచంలోంచి పెరుగు కూడా తీసేస్తే ఇక మిగిలేదేమిటి?

విజయనగరం నుంచి ఒక తండ్రి:
మాస్టారూ, మీరు ఆశకు చోటే లేకుండా చేస్తున్నారు. 2017లో అరిజోనాలో 18 మంది పిల్లలకు ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన సూక్ష్మజీవులను ఇస్తే కడుపు బాధలతో పాటు ప్రవర్తన కూడా మెరుగుపడింది; రెండేళ్ల తర్వాత చూసినా ఆ మెరుగుదల నిలిచే ఉంది. నా కూతురి విషయంలో నేను అంత తేలిగ్గా వదులుకోలేను.

ఉపాధ్యాయుడు:
వదులుకోమని నేను అనను. కానీ ఆ పరీక్షలో ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూసిన పిల్లలు లేరు, ఏమిస్తున్నారో తల్లిదండ్రులందరికీ తెలుసు. సిక్రిటిన్ అనే జీర్ణ హార్మోను ఇస్తే ముగ్గురు పిల్లలు మెరుగుపడ్డారని 1998లో వార్త వచ్చినప్పుడు ఎందరో తల్లిదండ్రులు దాని వెంట పడ్డారు. మరుసటి ఏడాది 60 మంది పిల్లల్లో కొందరికి ఆ మందు, కొందరికి ఉప్పునీరు ఎక్కించి చూస్తే, రెండు వర్గాల్లోనూ మెరుగుదల ఒకేలా కనిపించింది. బిడ్డ బాగుపడాలని కోరుకునే కళ్లు ఎంత చూడగలవో అక్కడ తెలిసింది. అది తల్లిదండ్రుల తప్పని నేను ఎన్నడూ అనను. శుద్ధికి అడిగిన ఆ డబ్బుతో ఎన్ని నెలల స్పీచ్ థెరపీ అవుతుందో లెక్క వేయండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే డీఈఐసీ (జిల్లా సత్వర చికిత్సా) కేంద్రాల్లో పిల్లలకు ఉచితంగా సేవలందుతాయి. ముందు అక్కడ అడగండి.

విజయనగరం తండ్రి:
పోల్చి చూసే పెద్ద పరీక్షలు జరిగేదాకా ఆగుతాను. కానీ ఆ దారి మూసుకుపోయిందని మాత్రం ఒప్పుకోను.

బొబ్బిలి తల్లి:
డబ్బు కట్టడం లేదు. బాబు ఇష్టంగా తినేది పెరుగన్నం ఒక్కటే, దాన్ని తీయను. మలబద్ధకం మందు ఎంతకాలం వాడాలో సోమవారం పిల్లల డాక్టరు గారిని అడిగి, అక్కడి నుంచే ఆ కేంద్రానికి వెళ్తాను.