అప్‌డేట్: జీఎస్టీ గడువుల మధ్య తిరగడానికి టైమ్ దొరికింది

ఆఫీసు ఉద్యోగం మానేసి శ్రీకాకుళంలో సొంతంగా జీఎస్టీ లెక్కలు చూస్తున్నానని, పనితోనే రోజంతా అయిపోతోందని, బయట తిరగడానికి వీలెలా చేసుకోవాలని ఆమధ్య అడిగాను. "ముందు గడువు తేదీలు చూసుకో" అన్నవాళ్లకి చాలా థాంక్స్. అదే పనిచేసింది.

నెలవారీ ఫైలింగ్‌కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు ఇచ్చే రిటర్న్) గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు 20. వాటి ముందు తలెత్తే తీరిక ఉండదు. 21 దాటితే నెలాఖరు దాకా టెన్షన్ లేదు. అందుకే పలాస జీడిపప్పు వ్యాపారులకి "బిల్లులు 5వ తేదీకల్లా పంపేయండి బాబూ" అని గట్టిగా చెప్పాను. ఒకాయన తప్ప అందరూ పంపుతున్నారు.

మొన్న తెల్లవారకముందే బండి మీద పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం వెళ్లాను. కొండ మీద గుండ్రటి ఇటుక కట్టడాలు, ఇటుకల సందుల్లో గడ్డి, కింద వెడల్పుగా వంశధార. ఎంత బాగుందో! వెళ్లేవాళ్లు ఎండెక్కక ముందే ఎక్కేయండి, నీళ్ల సీసా మర్చిపోకండి. అటునుంచి కళింగపట్నం బీచ్ చూసుకుని, మధ్యాహ్నానికల్లా మళ్లీ లెక్కల ముందు కూర్చున్నాను.

చలికాలంలో టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం వెళ్లాలి, పెలికాన్ పక్షులు ఉంటాయి. పలాస పని కూడా ఆ రోజే పెట్టుకుంటాను, టెక్కలి మీదుగానే కదా వెళ్లేది.