ఈ క్లాష్ రికార్డు మొదటి ప్రెస్సింగేనా (మొదటి విడతలో తయారైనదేనా)? ఎలా తెలుసుకోవాలి?

మా మామయ్య లండన్‌లో చదువుకునే రోజుల్లో కొన్న 'లండన్ కాలింగ్' ఇప్పుడు నా దగ్గరుంది. ఇది క్లాష్ అనే బ్రిటిష్ పంక్ రాక్ బ్యాండ్ చేసిన, రెండు రికార్డుల ఆల్బమ్. అమెరికన్ బ్యాండ్ రామోన్స్ తొలి ఆల్బమ్ విని, అరగంటలోపే 14 పాటలు ముగించే ఆ వేగమే పంక్ అనుకునేవాణ్ణి. క్లాష్ వాళ్లు జమైకా సంగీత శైలులైన రెగే, స్కాతో పాటు జాజ్ కూడా కలపడం విన్నాక ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

చివర్లో 'ట్రైన్ ఇన్ వెయిన్' పాట వినిపిస్తుంది కానీ అట్ట మీద దాని పేరు లేదు. 1979 డిసెంబరులో బ్రిటన్‌లో వచ్చిన మొదటి ప్రెస్సింగని చెప్పడానికి ఇదొక్కటే చాలా? లేబుల్ దగ్గర గీసిన అక్షరాలు కూడా చూడాలా? మూడో వైపు ఒకచోట సూది ఎగురుతోంది. గీతలు పడకుండా ఎలా శుభ్రం చేయాలి? మామయ్య ఇప్పుడు లేరు, పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.