ఈ రెక్కల బొమ్మలు దేవదూతలేనా?
మా నగరంలో పాత భవనాల మీద ఎవరూ తలెత్తి చూడని దేవదూతల శిల్పాలను ఫొటోలు తీస్తున్నాను. ఒక పాత బ్యాంకు భవనం దగ్గర ఆగిపోయాను. తలుపు పైన కమానుకు రెండు పక్కలా రెక్కలున్న స్త్రీలు. ఒకరి చేతిలో ఆకుల దండ, ఇంకొకరి చేతిలో పొడవాటి బాకా. ఎంత అందమైన పనితనమో! తల వెనక కాంతివలయం లేదు. 300 ఎంఎం లెన్స్‌తో, ఏటవాలు ఎండలో తీసి చూసినా శిలువ గానీ, చెక్కిన పేరు గానీ కనబడలేదు. ఇమేజ్ సెర్చ్ సమాధుల మీది దేవదూతలనే చూపిస్తోంది. ప్రధాన దేవదూతలైన మిఖాయేలు పట్టుకునే కత్తీ త్రాసూ, గబ్రియేలు లిల్లీ పువ్వూ లేవు. రోమ్‌లోని పురాతన టైటస్ తోరణం మీద సరిగ్గా ఇదే చోట రోమన్ల విజయదేవతలు, వాళ్లూ రెక్కలున్న స్త్రీలే, ఉంటారు, అందుకే అనుమానం. కానీ బాకా దేవదూతలకూ ఉంటుంది కదా. ఇలాంటప్పుడు దేవదూతా, విజయదేవతా అని తేల్చడానికి ఏ గుర్తు చూడాలి?