బండి వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి: పల్లెదారుల్లో ఇది న్యాయమేనా?

కల్లంగట్టు:
మా ఊరి నుంచి మండల కేంద్రానికి ఆరు కిలోమీటర్లు. గత వారం మా అమ్మను బండి మీద ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే, నేను హెల్మెట్ పెట్టుకున్నప్పటికీ ఆమెకు లేదని చలానా రాశారు. నగరాల్లోనూ జాతీయ రహదారుల మీదా ఈ నిబంధన ఉండవలసిందేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ముప్పై దాటి వేగం పోనివ్వని పల్లెదారిలో, పొలం పనికి పోయే దంపతులనూ, బస్సు రాని ఊరి నుంచి నడిచి వచ్చే ముసలివారిని ఎక్కించుకున్నవారినీ అదే కొలతతో చూడటం న్యాయమా? రెండో హెల్మెట్ లేదని ఆ ముసలివారిని ఎండలో వదిలి వెళ్ళమంటారా?

నిదానం:
మోటారు వాహనాల చట్టం (1988) 129వ సెక్షను నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ తేడా చూపలేదు. 2019 సవరణ తరువాత నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది గానీ పల్లెదారులకు లేదు. అయితే చట్టంలో ఉంది కాబట్టి సరైనదేనని నేను వాదించను, ఎందుకంటే మీరు అడిగింది న్యాయం గురించి.

మీ వాదన అంతా తక్కువ వేగం మీద నిలబడి ఉంది. నాకు అభ్యంతరం అక్కడే. బండి కదలకుండా ఉన్నా సరే, ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న తల నేరుగా నేలకు పడితే గంటకు సుమారు 19 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది. సిమెంటు రోడ్డు అంచుకు ఆ వేగంతో తగిలినా పుర్రె పగలవచ్చు. హెల్మెట్ లోపలి థర్మాకోల్ పొర తాను నలిగి ఆ దెబ్బ జోరును మింగుతుంది; అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి ఎంత బాగున్నా, మళ్ళీ పనికిరాదు. పైగా నడిపేవారికి హ్యాండిల్ పట్టు ఉంటుంది, ఎదుటి గుంత కనిపిస్తుంది. వెనుక ఉన్నవారికి ఆ రెండూ లేవు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో మరణించినవారు 50,029 మంది, అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

తంగేడు:
ఈ చర్చలో ఆడవాళ్ళం కూర్చునే తీరు ప్రస్తావనకే రాలేదు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటే రెండు కాళ్ళూ ఒకే వైపు ఉంటాయి, పట్టుకోవడానికి ఒక్క చేయి మిగులుతుంది, రెండో చేతిలో సంచో పసిబిడ్డో ఉంటుంది. మూడేళ్ళ క్రితం మా పిన్ని ఇలాగే పడింది. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ చీకట్లో కనిపించలేదు, బండి ఎగిరింది, ఆమె వెల్లకిలా పడింది. బాబాయికి మోచేయి గీరుకుపోయింది, అంతే. పిన్నికి ఆరు నెలల దాకా మాట సరిగా రాలేదు. ఇప్పటికీ కూరగాయల బేరమాడుతూ బీరకాయ పేరు గుర్తురాక వేలితో చూపిస్తుంది. ఆ రోజు వారి వేగం మీరన్న ముప్పై లోపే.

ఇంకొక మాట. వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే శారీగార్డు, వెనుకవారు పట్టుకునే పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. బండి అందంగా కనిపించాలని వాటిని విప్పించేవారిని మా వీధిలోనే చూశాను. కొంగు చక్రంలో చుట్టుకున్నాక హెల్మెట్ ఒక్కటే ఏం కాపాడుతుంది?

కల్లంగట్టు:
మీ పిన్నిగారి సంగతి చదివాక వేగం గురించిన నా మాటను వెనక్కు తీసుకుంటున్నాను. కానీ బాధ్యత అంతా ప్రయాణికుల నెత్తినే పెట్టడం నాకు ఇంకా మింగుడుపడటం లేదు. రంగు లేని స్పీడ్ బ్రేకర్ వేసినవారికి చలానా ఎవరు రాస్తారు? కోతల కాలంలో మా రోడ్డు సగం ధాన్యమే. రాత్రికి పట్టా కప్పి, ఎగిరిపోకుండా అంచుల వెంట బండరాళ్ళు పెడతారు; నల్ల రోడ్డు మీద నల్ల పట్టా దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. కల్లం లేక నేనూ రెండేళ్ళు అలాగే ఆరబోశాను, ఆ రాళ్ళు నేనూ పెట్టాను.

నిదానం:
2019 సవరణలోనే చేర్చిన 198ఎ సెక్షను, రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణానికో అంగవైకల్యానికో కారణమైన గుత్తేదారుకూ అధికారికీ లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది. మన చలానాలంత చురుకుగా అదీ అమలు కావాలని మీతో పాటు నేనూ అడుగుతాను. కానీ రోడ్డు బాగుపడేదాకా అమ్మగారి తల ఆగదు కదా. చలానా విషయంలో మాత్రం మీతో కొంత ఏకీభవిస్తాను: హెల్మెట్ లేకుంటే జరిమానా వెయ్యి రూపాయలు, ఆ డబ్బుకే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ దొరుకుతుంది. మొదటిసారి దొరికినవారు వారం లోపల కొన్న రశీదు చూపిస్తే జరిమానా రద్దు చేయడం మేలు. దారిలో ఎక్కించుకునేవారి కోసం, బండి పక్కన తాళం వేసి తగిలించిన రెండో హెల్మెట్ చాలు.

కల్లంగట్టు:
కొనడానికి నేను సిద్ధమే. అమ్మ నడినెత్తిన ముడి వేసుకుంటుంది, హెల్మెట్ దిగదు. బలవంతంగా దించితే పైకి లేచి నిలుస్తుంది.

తంగేడు:
ముడిని మెడ దగ్గరకు దించి వేయమనండి, లేదా జడ వేసి బయటకు వదలమనండి. దుకాణానికి ఆమెనే తీసుకువెళ్ళండి, మీ తల కొలతతో కొనకండి. పెట్టాక పట్టీ బిగించి, వెనుక నుంచి ముందుకు ఒకసారి గట్టిగా తోసి చూడండి. ఊడివస్తే ఒక సైజు తగ్గించి అడగండి.